గంగమ్మ వేషాలు

తిరుపతి గంగమ్మ ఎవురనుకున్నారు? వెంకన్న చెల్లెలు. కొండమీద నుంచి ఆయన ఏటా సారె పంపుతాడు. అది ఇప్పటికీ జరుగుతుండాది. నేను చెప్పేది మా కాలం జాతర సంగతి.

చాటింపు పడిందంటే ఊరోళ్ళెవరూ పొలిమేర బయట రాత్రి నిద్ర చేయకూడదు. పనిమీద పోయినోడు పొద్దుగూకేలోగా తిరిగి రావాల్సిందే. తెల్లారితే వేషాలు మొదలు.

ఈ వేషాలెందుకంటే, పూర్వం ఒక పాళెగాడు ఉండినాడంట. ఊళ్ళో ఏ కొత్త పెండ్లికూతురైనా మొదట వాడి దగ్గరికే పోవాలనే దుర్మార్గుడు. గంగమ్మ జోలికీ పోయినాడు. ఆయమ్మ ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి ఆయమ్మ వేసినవే ఈ వేషాలు. బైరాగి వేషమంటే ఒళ్ళంతా తెల్లటి నామం. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి నల్లటి బొగ్గు. వాడు రాలేదు. దొర వేషంలో పోతే మాత్రం, దొర గదా అని మర్యాదగా బయటికొచ్చి తల పోగొట్టుకున్నాడు. బైరాగికీ తోటికీ రానోడు దొర అనంగానే వచ్చినాడు చూడండి! ఇప్పటి పెద్దమనుషులు మాత్రం తక్కువా? మర్నాడు మాతంగి వేషంలో పోయి వాడి పెండ్లాన్ని ఓదార్చింది. చంపిందీ ఆయమ్మే, కన్నీళ్ళు తుడిచిందీ ఆయమ్మే.

ఈ వేషాలు కట్టేది కైకాల వంశం మగోళ్ళు. డప్పులు మోగుతుంటే మా అత్త వాకిలి కడిగి ముగ్గేసి, చెంబుతో పసుపునీళ్ళు, వేపాకు పట్టుకుని నిలబడేది. నిన్న అంగట్లో "ఏమప్పా, బాగుండావా" అని పలకరించిన మనిషికే ఈ పొద్దు కాళ్ళమీద నీళ్ళు పోసి, హారతిచ్చి, "తల్లీ, బిడ్డ పాలు తాగడంలేదు" అని మొరపెట్టుకునేది. ఆయమ్మ బిడ్డను చేతుల్లోకి తీసుకుని, డప్పుకు నాలుగడుగులు ఆడి మళ్ళీ ఇచ్చేది. పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవురికుంటుంది?

మొక్కుకున్న మగోళ్ళు ఆడవేషం కూడా కడతారు. మీ తాతకు చిన్నప్పుడు జబ్బు చేస్తే అత్త మొక్కుకుంది. ఆ మొక్కు పెండ్లయినాక గానీ తీరలేదు. మీసం తీయించుకుని, సవరం పెట్టి, మల్లెపూలు ముడిచి, నా పెండ్లి చీర కట్టుకున్నాడు. కుచ్చిళ్ళు పెట్టింది నేనే, కదలొద్దని ఒకటి వేసినాను కూడా. ఇంటికొచ్చి, "ఇంత చీరతో పొయ్యి దగ్గర ఎట్లా వంగుతారే?" అని అడిగినాడు. చీర కష్టం ఆ ఒక్కరోజన్నా తెలిసొచ్చింది.

జాతర ముగిసే తెల్లవారుజామున గుడిముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. పేరంటాలు వేషం వచ్చి ఆ రూపం చెంప నరికినాక ఆ మట్టికోసం జనం ఎగబడతారు. చిటికెడు దొరికితే ఇంట్లో దాచుకుని, జబ్బు చేస్తే నీళ్ళలో కలిపి తాగుతారు.

2024లో పుష్ప-2 సినిమా వచ్చినాక మన జాతర ఊరూరా తెలిసింది. మంచిదే. కానీ వేషం వాకిట్లోకొస్తే ముందు ఫోన్లు లేస్తుండాయి. ఈసారి మే నెలలో మీరొస్తారు గదా, ముందు పసుపునీళ్ళు పోసి హారతివ్వండి. ఫోటో సంగతి తర్వాత చూసుకుందురు.