దస్తరంలో పేరు

పోయిన బతుకమ్మ పండక్కి కోరుట్లలో పుట్టింటికి వెళ్ళాను. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా అన్నయ్య కొడుకు కూడా వచ్చాడు. వచ్చాడన్న మాటే గానీ మనిషి పెరట్లో, మనసు ఆఫీసులో. తంగేడు పూలు అందించరా అంటే ఒక చేత్తో పువ్వు, ఇంకో చేత్తో ఫోను.

ఫోను అవతల ఎవరో అమ్మాయి. కొత్తగా పెళ్ళయిందట. ఆఫీసు కంప్యూటర్లలో ఇంటిపేరు మార్చమంటోంది. మారిస్తే పాత ఉత్తరాలూ, కాగితాలూ అన్నీ పోతాయేమోనని మళ్ళీ తనే భయపడుతోంది. వీడు "ఏం పోవండీ" అని లోపలికెళ్ళి, మేం బతుకమ్మ రెండో వరస పేర్చేలోగా మార్చేసి వచ్చాడు.

నేను పువ్వు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎందుకంటారా? నేను పుట్టింది కోరుట్లలో, ఒక ఇంటిపేరుతో. జగిత్యాలలో చదివి తెచ్చుకున్న బి.ఏ. సర్టిఫికెట్ మీద ఉన్నది ఆ పేరే. పెళ్ళయి సిరిసిల్ల వచ్చాక రేషన్ కార్డులో ఇంకో పేరు. నవలల అట్టమీద రెండూ కాని మూడోది. ఒకసారి ఒక ఆఫీసులో గుమాస్తా నా కాగితాలు మూడూ బల్లమీద పరిచి, "వీళ్ళ ముగ్గురిలో మీరెవరమ్మా?" అన్నాడు. ముగ్గురూ ఒక్కతేనని రుజువు చేసుకోవడానికి నెలన్నర పట్టింది. ఈ అమ్మాయికి పావుగంట!

"అదెట్లారా?" అని వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ఇక్కడ రాసేది కొంత వాడు చెప్పింది, కొంత తర్వాత నేను చదువుకున్నది.

పెద్ద కంపెనీలో వేలమంది మనుషులు, వేల కంప్యూటర్లు. ఎవరెవరున్నారు, ఎవరు ఏ తలుపు తీయొచ్చు అన్నది ఒక్కచోట రాసిపెట్టుకునే పుస్తకాన్ని డైరెక్టరీ అంటారట. మన పాత టెలిఫోను డైరెక్టరీకి ఇది చుట్టమే. 1988లో అంతర్జాతీయ తంతి, టెలిఫోను సలహా సంఘంవారు ఎక్స్.500 అనే ప్రమాణం తయారుచేశారు. లోకాన్నంతా ఒక చెట్టుగా ఊహించుకున్నారు. మొదట దేశం, దాని కొమ్మకు సంస్థ, దాని రెమ్మకు శాఖ, చివర ఆకులా మనిషి. ఉత్తరం మీద అడ్రసు రాసినట్టు ఆకు నుంచి మొదలు దాకా చదివితే అదే ఆ మనిషి పూర్తి పేరు. ఆ పుస్తకంలో 'మనిషి' అనిపించుకోవాలంటే రెండు గడులు ఖాళీగా ఉండకూడదట. ఒకటి పిలిచే పేరు, రెండోది ఇంటిపేరు. ఇంటిపేరన్నదే లేనివాళ్ళు లోకంలో కోట్లమంది ఉన్నారు. వాళ్ళు మనుషులు కారా అని మీలాగే నేనూ అడిగాను.

ఆ ప్రమాణం మరీ బరువైపోయిందని 1993లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్, ఆయన తోటివాళ్ళు దాన్ని తేలిక చేసి ఎల్‌డాప్ అన్నారు. 2000లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 2000తో పాటు యాక్టివ్ డైరెక్టరీ తెచ్చారు. మావాడు చూసుకునేది దాన్నే. అందులో ఎవరి పేరు చేరినా, చేరిన క్షణంలోనే ఒక పొడుగాటి సంఖ్య పుడుతుంది. పేరు మారినా, ఈ శాఖ నుంచి ఆ శాఖకు మారినా ఆ సంఖ్య మారదు. తలుపులు గుర్తుపట్టేది పేరును కాదు, ఇలాంటి మారని సంఖ్యలను. అందుకే ఆ అమ్మాయికి ఏమీ పోలేదు.

ఆ మాటకొస్తే మా కోరుట్ల అడ్రసు మాత్రం ఎన్నిసార్లు మారిందని! 1956 దాకా హైదరాబాదు రాష్ట్రం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా పోయి జగిత్యాల జిల్లా వచ్చింది. అదేరోజు మా అత్తగారి ఊరు కూడా రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది. ఊరేమో అంగుళం జరగలేదు.

"తలుపు తలుపుకీ వెళ్ళి నేను ఫలానా అని చెప్పుకోవాలా మరి?" అన్నాను. "వేములవాడలో కోడె మొక్కుకు టికెట్ కొంటావు గదత్తా, అట్లనే" అన్నాడు. పొద్దున ఒక్కసారి కౌంటరు దగ్గర మనం మనమేనని నమ్మిస్తే టికెట్ ఇస్తుంది. ఆ తర్వాత ఏ తలుపు దగ్గరైనా టికెట్ చూపిస్తే చాలు. రహస్యపు మాట మాత్రం తీగల మీద ఎక్కడికీ ప్రయాణం చేయదు. టికెట్ మామూలుగా పది గంటలు చెల్లుతుంది. రెండుచోట్లా గడియారాలకు అయిదు నిమిషాల కంటే ఎక్కువ తేడా వస్తే చెల్లదు. ఈ ఏర్పాటు 1980లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టింది. పేరు కెర్బెరోస్. గ్రీకు కథల్లో పాతాళ ద్వారం కాసే మూడు తలల కుక్కది ఆ పేరు.

వాడు చెబుతుంటే నాకు మా బాపమ్మ గుర్తొచ్చింది. కంప్యూటర్లు రాకముందు మన ఊళ్ళకూ డైరెక్టరీ ఉండేది. అది పట్వారీ ఇంట్లో, ఎర్రగుడ్డలో మూటగట్టి. నిజాం కాలంలో ఊరికి ముగ్గురు అధికారులు. పన్ను వసూలుకు మాలీ పటేలు, తగవులకూ నేరాలకూ పోలీసు పటేలు, లెక్క రాయడానికి పట్వారీ. తండ్రి తర్వాత కొడుకు. ఏటేటా పహాణీ రాసేది పట్వారీయే. సర్వే నంబరు ఎంత, పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు అన్నీ అందులోనే. పై దస్తరాలు ఉర్దూలో. దున్నేవాడికి ఆ అక్షరాలు కోడి గీతలు.

బాపమ్మ చిన్నతనంలోనే భర్త పోయాడు. రెండెకరాలు తనే చేసుకుంది. పహాణీలో పట్టాదారు గడిలో ఏళ్ళ తరబడి చచ్చిపోయిన తాతయ్య పేరే. సాగు గడిలో ఆమె పేరు పడిన ఏడు కూడా 'ఫలానా వాని భార్య' అనే. పేరెక్కించమని ఎన్నిసార్లు సొరకాయలూ, నెయ్యీ పట్టుకుని వెళ్ళిందో! "నా చెయ్యి మట్టిల ఉన్నది, నా పేరు గాయన దస్తరంల ఉన్నది" అనేది.

చదవడానికి ఎవరైనా చదవొచ్చు, రాసే కలం మాత్రం ఒక్కరి చేతిలో. ఊళ్ళో సర్కారు భూమి ఎవరి పేరు మీదికి పోతుందో, ఎవరు ఎన్నేళ్ళుగా దున్నుతున్నా పేరు లేనివాళ్ళవుతారో ఆ కలమే తేల్చేది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు వేలాదిగా జగిత్యాలకు నడిచి వచ్చారు. జైత్రయాత్ర అన్నారు దాన్ని. వెట్టి పోవాలి, కూలి పెరగాలి, దొరల చేతిలోని సర్కారు భూములు పంచాలి అన్నారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో పటేల్ పట్వారీలను తీసేసింది. వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు గానీ 1985లో ప్రభుత్వమే గెలిచింది. అప్పుడు నాకు అయిదేళ్ళు. ఆ ఏడే సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకూ ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. అంతకుముందే పెళ్ళయినవాళ్ళకు కాదన్నారు. అలా మా మేనత్తలిద్దరూ గడప ఇవతలే ఆగిపోయారు.

2020 అక్టోబరులో ధరణి వచ్చి దస్తరం తెరమీదికెక్కింది. ఎక్కేటప్పుడు సాగులో ఎవరున్నారనే గడి జారిపోయింది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ఇవన్నీ చూడటానికి బాపమ్మ లేదు.

"మీ పుస్తకంలో రాసే కలం ఎవరి దగ్గరరా?" అని అడిగాను.

పాతకాలపు విండోస్‌లో ఒక్క యంత్రానిదే పెత్తనమట. మిగతావి దాని నకళ్ళు పెట్టుకుని చదివి వినిపించేవి, అంతే. అచ్చంగా పట్వారీ! 2000 తర్వాత ఏ యంత్రంలోనైనా రాయొచ్చు. రాసినది తక్కినవాటికి చెబుతుంది. ఒకే గడిని రెండుచోట్ల మారిస్తే ఎక్కువసార్లు మారినదే నిలుస్తుంది. అదీ సమానమైతే చివర రాసింది. అయినా అయిదు పనులు మాత్రం ఒక్కో యంత్రం చేతిలోనే ఉంచారు. సంఖ్యలు పంచిపెట్టడం అందులో ఒకటి. ఇద్దరు పంచితే ఒకే సంఖ్య ఇద్దరికి పడుతుందని భయం.

"యంత్రం సరే. పేరు కొట్టేయగల మనుషులెందరు?"

"మా ఆఫీసులో ముగ్గురం."

"అయితే నువ్వు పట్వారీవన్నమాట."

వాడి ముఖం చిన్నబోయింది. "కాదత్తా, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అన్నీ రాసి ఉంటాయి, ఆ ఏర్పాటు పెట్టుకుంటే."

"పెట్టుకోకపోతే?"

వాడు మలీద ముద్ద నోట్లో వేసుకున్నాడు.

పేరు కొట్టేస్తే వెంటనే పోదని మాత్రం ఆ తర్వాత చెప్పాడు. దాని చోట ఒక సమాధిరాయి పాతుతారట. ఇంగ్లీషులో మాటే అది, టూంబ్‌స్టోన్. ఒకప్పుడు అరవై రోజులు ఉండేది, తర్వాత నూటఎనభై చేశారు. ఫలానావాళ్ళు లేరన్న కబురు అన్ని యంత్రాలకూ చేరేదాకా అది ఉండాలి. ఏ యంత్రమైనా అన్నాళ్ళూ మూలపడి ఉండి, రాయి తీసేశాక మళ్ళీ వచ్చి కలిస్తే, పోయినవాళ్ళను బతికున్నవాళ్ళుగా చెబుతూ కూర్చుంటుంది. మిగతావి నమ్మినా నమ్ముతాయి.

పండగయ్యాక సిరిసిల్ల తిరిగి వచ్చేసరికి ఒక ఆఫీసు నుంచి మా మామగారి పేరున కాగితం వచ్చి ఉంది. ఆయన పోయి రెండేళ్ళయింది. మరణ ధ్రువపత్రం అన్నిచోట్లా ఇచ్చాం. నేను అత్తయ్యకు రాయి సంగతీ, కబురు చేరని యంత్రం సంగతీ వివరంగా చెప్పి కాగితం చింపబోయాను.

"ఆగు బిడ్డా" అంది. అద్దాలు పెట్టుకుని, అక్షరాల మీద వేలు నడిపిస్తూ కూడబలుక్కుని చదివింది. "ఇంటిపేరుతోని మంచిగనే రాసిండ్రు. ఒక్క తప్పు లేదు" అంది. మడిచి రాజన్న పటం వెనక పెట్టింది.