ఏనుగుల వీరాస్వామయ్య దినచర్య: ఉత్తర తెలంగాణ చరిత్రకు అది సాక్ష్యమగు విధము

చరిత్రరచనకు ఆధారములగు వ్రాతలలో దినచర్యలది ఒక ప్రత్యేకస్థానము. శాసనము లోకమందరు చదువుటకై రాతిపై చెక్కబడినది. ఫర్మానా ప్రభువు ఆజ్ఞను ప్రకటించును. కైఫీయతు అడిగినవారికి గ్రామస్థులు చెప్పిన సమాధానము. దినచర్య యన్ననో, ఒక వ్యక్తి నాటి సంగతిని నాడే, దాని పర్యవసానము తెలియకమునుపే, తన చేతితో వ్రాసికొన్నది. ఈ గుణముచేతనే పరిశోధకులు దానిని మిక్కిలి విశ్వసింతురు. అయినను ఆ విశ్వాసమునకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ వ్రాత ఎవరికై వ్రాయబడినది? ఈ ప్రశ్నను ముందుంచుకొని, కరీంనగరము, ఆదిలాబాదు సీమల చరిత్రకు వీరాస్వామయ్య వ్రాత ఎంతవరకు సాక్ష్యమగునో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

పోలికకై ముందుగా ఆంగ్లదేశమునుండి ఒక ఉదాహరణమును గ్రహింతము. ఎసెక్స్ మండలమందలి ఎర్ల్స్ కోన్ అను గ్రామమునకు రాల్ఫ్ జోస్లిన్ 1641 నుండి 1683లో మరణించువరకు చర్చి గురువుగా నుండెను. ఆయన భూమి సేద్యము చేయించెను. కొంతకాలము బడియు నడిపెను. ఆయన స్వహస్తముతో వ్రాసికొన్న దినచర్యలో వానలు, పంటలు, అప్పులు, బిడ్డల జబ్బులు, ఆనాటి అంతర్యుద్ధపు వార్తలు ఒకదానిప్రక్క నొకటి నడచుచుండును. 1648లో పసికందైన కుమారుడు చనిపోగా, తాను వేళగాని వేళ చదరంగ మాడుటయు ఈ దండనకు కారణమేమో యని ఆయన తన్ను తానే నిలదీసికొనెను. ఇరుగుపొరుగువారు చదువుటకై ఎవడును ఇట్టి మాట వ్రాయడు. ఆ వ్రాతకు పాఠకుడు దైవమే. కావుననే అందు దాపరికము తక్కువ. అయినను దైవసన్నిధిలో చెప్పుకొన్నది కావుననే ప్రతి సంఘటనయు అందు పాపముగనో, దండనగనో, అనుగ్రహముగనో రూపుదాల్చినది. పాఠకుడెవడో తెలిసికొనకున్న ఈ రూపమునే వాస్తవమని భ్రమపడుదుము.

ఈ దినచర్య ప్రకటనచరిత్రయు మనకు పాఠము చెప్పుచున్నది. 1908లో హాక్లిఫ్ అను పండితుడు దానిని ప్రకటించినప్పుడు వాతావరణము, డబ్బు లెక్కలు, ఇంటి సంగతులు, మాటిమాటికి వచ్చు ప్రార్థనలు చదువరికి విసుగు పుట్టించునని తలచి పెక్కింటిని తొలగించెను. 1970లో అలన్ మెక్‌ఫర్లేన్ ఆ గురువుగారి కుటుంబజీవనముపై గ్రంథము వ్రాయుటకు ఆధారమైనవి విశేషముగా ఆ ఇంటి సంగతులే. 1976లో ఆయనయే సంపూర్ణపాఠమును ప్రకటించెను. ఒక తరము విసర్జించినది మరియొక తరమునకు చరిత్రయైనది.

ఇక మన దేశమునకు వత్తము. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగ పిళ్ళ 1736 మొదలు 1761 వరకు వ్రాసిన దినచర్య సుప్రసిద్ధము. అది తమిళమున నున్నది. వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితకథను ఇంగ్లీషున వ్రాసెను. అది ఆయన మరణానంతరము 1873లో అచ్చయ్యెను. తెలుగులో నాటిది నాడు వ్రాసిన వ్రాతగా ముందుగా స్మరింపదగినది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రయే.

వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు. ఆయన 1830 మే 18న పెద్ద పరివారముతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల త్రోవను 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. దారిపొడుగున వ్రాసిన సంగతులను మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళకు జాబులుగా పంపుచు వచ్చెను. ఆయన 1836లో గతింపగా 1838లో గ్రంథము అచ్చయ్యెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పునర్ముద్రింపజేసిరి. అనగా ఈ దినచర్యకు పాఠకుడు దైవము కాదు, వ్రాసిన వాడును కాదు. చెన్నపట్టణమందున్న విద్యావంతుడైన మిత్రుడు. ఆయనకు వెనుక, ఆ బాటనే కాశికి పోదలచిన యాత్రికులందరును కలరు.

ఈ సంగతి మనసున నుంచుకొని ఉత్తర తెలంగాణ భాగమును చదువవలెను. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు బాట గోదావరిని దాటి నిర్మల, ఆదిలాబాదుల మీదుగా సాగి పెన్‌గంగ నదిని చేరును. 1830 వానకాలమున వీరాస్వామయ్య ఈ బాటను నడచెను. ఆయన దృష్టికి ప్రతి ఊరును ముందుగా ఒక మజిలీ. నీరు మంచిదా, అంగళ్లలో వస్తువులు దొరకునా, దిగుటకు చోటు కలదా, బాట ఎట్టిది, తరువాతి ఊరు ఎంత దూరము అను ప్రశ్నలకు ఆయన ఓపికతో సమాధానము లిచ్చును. ఇట్టి విషయములలో ఆయన సాక్ష్యము మిక్కిలి గట్టిది. తప్పు చెప్పిన ఆయన మాట నమ్మి బయలుదేరినవాడు త్రోవలో ఇడుములపాలగును గదా!

రాజ్యపాలనను గూర్చిన మాటలను మాత్రము వేరు త్రాసున తూచవలెను. అంతకు ముందటి సంవత్సరము, 1829లో, నాసిరుద్దౌలా నిజాము అయ్యెను. పరిపాలనము పేష్కారు చందూలాలు చేతిలో నుండెను. భూమిశిస్తు గుత్తలకు పోవుచుండెను. వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టున జీవితము గడపినవాడు, అట్టి పట్టణమందలి మిత్రునికి వ్రాయుచున్నవాడు. చెన్నపట్టణపు క్రమమే ఆయనకు కొలబద్ద. ఆయుధపాణులు సంచరించు సీమను చూచి ఆయన చేసిన విమర్శ అబద్ధము కాదు. కాని అది బాటపై పోవువాని విమర్శ, ఆ గుత్తదారునికి శిస్తు కట్టిన రైతు చెప్పుకొన్న మాట కాదు. ఈ రెంటిని ఒకటిగా నెంచి, 1830 నాటి నిర్మల ప్రాంతపు ప్రజాభిప్రాయముగా ఆ వాక్యములను ఉదాహరించుట తగదు.

మరియు ఒక బాట ఒక సీమ కాదు. ఎలగందులనుండి ధర్మపురివరకు గల కరీంనగరసీమ ఆయన బాటకు తూర్పున నిలిచిపోయినది. ఆదిలాబాదు అడవులలోని గోండులు, కోలాములు తమ దినములను ఎట్లు గడపిరో తెలుపుట మజిలీలను లెక్కించు యాత్రికుని పని కాదు. ఆ జనుల జీవనమును దగ్గర నుండి చూచి సవిస్తరముగా వ్రాయుట, 1940లో కొమురం భీము మరణించిన పిమ్మట, హైమెన్‌డార్ఫ్ కాలమున జరిగినది. ఆదిలాబాదు రాజగోండులపై ఆయన గ్రంథము 1948లో వెలువడినది. అదియు బయటినుండి వచ్చినవాని వ్రాతయే.

మిత్రునికి వ్రాసిన జాబగుటవలన కలిగిన లాభమును కూడ చెప్పవలెను. వీరాస్వామయ్య ఛందోవ్యాకరణ పరీక్షకు నిలుచు కావ్యము వ్రాయలేదు; ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కలసిన నాటి చెన్నపట్టణపు వాడుకభాషలో వ్రాసెను. వ్యావహారికోద్యమమునకు డెబ్బది యేండ్ల ముందటి శిష్టవ్యవహారము అందువలన మనకు దక్కినది. జోస్లిన్‌కు దైవము నిచ్చిన నిర్మొగమాటమును వీరాస్వామయ్యకు భాషావిషయమున స్నేహము ఇచ్చినది.

పై పరిశీలన ఫలితముగా ఒక కర్తవ్యము తేలుచున్నది. బాటపై పోయినవాని దినచర్య మనకు కలదు. ఊరిలో నిలిచినవాని మాటకై మనము ఇండ్లలోనే వెదకవలెను. కోమట్ల చిట్టాఆవర్జాలు, పట్వారీల ఇండ్లలో మిగిలిన నకళ్లు, పంచాంగపుటంచులలో వ్రాసిన జననమరణములు, వానలు, అప్పులు, ఇవియే మన జోస్లిన్ వ్రాతల తునుకలు. 1984–85లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయిన తరువాత ఆ యిండ్లవారికి ఈ కాగితములతో పని లేకపోయినది. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, మధ్యమానేరు జలాశయముల క్రింద ఊళ్లకు ఊళ్లు మునిగినవి. ఇల్లు మారినప్పుడు పాత్రలు వెంట వచ్చును గాని పాత కాగితములు రావు.

కావున పరిశోధకవిద్యార్థులకు మా మనవి యిది. ఇట్టి వ్రాత దొరికినప్పుడు అందు కవిత్వము లేదని, చరిత్రపురుషుల పేరులు లేవని త్రోసిపుచ్చరాదు. హాక్లిఫ్ వలె మనకు విసుగు పుట్టించినదానిని తొలగింపక, తేదీలతో, తప్పులతో, లెక్కలతో సంపూర్ణముగా నకలు తీసి, అది ఎవరి యింటిది, ఎవరు చూచుటకై వ్రాయబడినది అను రెండు విషయములను మొదటి పుటలోనే గుర్తింపవలెను. అట్టి నకళ్లు కొన్ని చేకూరినపుడు వీరాస్వామయ్య మజిలీల ప్రక్క ఆ మజిలీలలో నివసించినవారి మాట నుంచి సరిచూచుటకు వీలు కలుగును.