1931: వియన్నా బ్యాంకు సంక్షోభం, బెర్లిన్ రాజకీయ పతనం

రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఆర్థిక, రాజకీయ సంక్షోభాలు ఒకదానినొకటి ఎలా పెంచి పోషించాయో 1931 నాటి పరిణామాలు స్పష్టం చేస్తాయి.

ఆ ఏడాది మార్చిలో జర్మనీ, ఆస్ట్రియాలు ఉమ్మడి సుంకాల కూటమిగా ఏర్పడాలన్న ప్రతిపాదనను ప్రకటించాయి. ఇది ఉభయ దేశాల విలీనానికి తొలిమెట్టు కాగలదని ఫ్రాన్స్ తీవ్ర అభ్యంతరం తెలిపింది. మే 11న ఆస్ట్రియాలోని అతిపెద్ద బ్యాంకు క్రెడిట్‌ఆన్‌స్టాల్ట్ భారీ నష్టాలను వెల్లడించింది. రుణం అర్థించిన ఆస్ట్రియాకు, కూటమి ప్రతిపాదనను విరమించుకోవాలని ఫ్రాన్స్ షరతు విధించింది. సాయంలో జాప్యం జరిగిన కొద్దీ భయాందోళనలు సరిహద్దులు దాటాయి.

జర్మనీలో పరిస్థితి అప్పటికే దిగజారి ఉంది. 1930 సెప్టెంబరు ఎన్నికల్లో నాజీల బలం 12 స్థానాల నుంచి 107కు పెరగడంతో విదేశీ మదుపరులు తమ నిధులను ఉపసంహరించుకోసాగారు. 1931 జూలై 13న డానాట్ బ్యాంకు మూతపడింది. ఛాన్సలర్ బ్రూనింగ్ అత్యవసర ఉత్తర్వుల ద్వారా జీతాలకు, సంక్షేమ వ్యయానికి కోత విధించారు. 1932 ఆరంభానికి నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలకు చేరింది. అదే ఏడాది జూలైలో నాజీలు 230 స్థానాలు గెలుచుకున్నారు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యారు.

ఈ ప్రకంపనలు భారతదేశాన్నీ తాకాయి. 1931 సెప్టెంబరులో బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని విడనాడినా, రూపాయిని పౌండుతోనే ముడిపెట్టి ఉంచారు. రూపాయల్లో బంగారం ధర పెరిగింది. పంటల ధరలు పడిపోయి అప్పుల్లో కూరుకున్న రైతులు ఇంట్లోని బంగారాన్ని అమ్ముకోగా, అది పెద్దయెత్తున విదేశాలకు తరలిపోయింది.