ఇంజను ఊపిరి: జంట కార్బురేటర్ల కథ

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు కారును చూడనివారు మనదేశంలో అరుదు. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డు కారే దానికి మాతృక. ఆ రెండు కార్లలోను చాలాకాలం పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' శ్రేణికి చెందినది. 1955లో ఆ సంస్థే అదే ఇంజనును ఎం.జి.ఏ. అనే రెండు సీట్ల చురుకైన కారులో అమర్చింది. ఆక్స్‌ఫర్డులో ఆ ఇంజను శక్తి 50 అశ్వశక్తికి కొంచెం పైమాట. ఎం.జి.ఏ.లో తొలుత 68, అనతికాలంలోనే 72 అశ్వశక్తి. సిలిండర్ల కొలత మారలేదు. మరి ఆ అదనపు శక్తి ఎక్కడినుండి వచ్చింది?

మూత తెరిచి చూస్తే జవాబులో ముఖ్యభాగం కంటికే కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డు ఇంజనుకు కార్బురేటరు ఒకటి, ఎం.జి.ఏ. ఇంజనుకు రెండు. అయితే రెండు కార్బురేటర్లు రెట్టింపు పెట్రోలు పోస్తాయి కాబట్టి శక్తి పెరిగిందనుకోవడం పొరపాటు. ఇంజనుకు కరవైనది పెట్రోలు కాదు, గాలి.

ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావాలి. అంతగాలి దాదాపు 12 ఘనమీటర్ల చోటు, అనగా ఒక చిన్న గదిలో సగం చోటు ఆక్రమిస్తుంది. ఇక 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషానికి 5500 సార్లు తిరుగుతున్నదనుకుందాం. నాలుగు ఘాతాల ఇంజనులో రెండు చుట్లకొకసారి ప్రతి సిలిండరు గాలి పీల్చుకుంటుంది. సిలిండర్లు పూర్తిగా నిండితే నిమిషానికి సుమారు 4100 లీటర్ల గాలి లోపలికి పోవాలి. అది 38 మిల్లీమీటర్ల వ్యాసంగల ఒకే రంధ్రం గుండా పోవాలంటే సెకనుకు 60 మీటర్ల వేగం, అనగా గంటకు 216 కిలోమీటర్ల వేగం ఉండాలి. అది పెనుతుఫాను గాలి వేగం! ఇట్టి ప్రవాహంలో పీడన నష్టం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం సగమైతే నష్టం నాలుగోవంతుకు దిగుతుంది. రెండో రంధ్రం వల్ల లాభం ఇదే.

కార్బురేటరు పుట్టుక గమనింపదగినది. 1886లో కార్ల్ బెంజ్ నిర్మించిన కారులో పెట్రోలు ఉపరితలం మీదుగా గాలిని పోనిచ్చి, ఆవిరిని కలుపుకునేవారు. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ సన్నని నాళం ద్వారా పెట్రోలును గాలిలోకి చిమ్మే పద్ధతిని కనిపెట్టాడు. దీనికి ఆధారం పాతదే. ప్రవాహ వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందని బెర్నూలీ 1738లో ప్రకటించాడు. ఇరుకైన గొట్టాలలో ఈ సంగతిని ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ 1797లో వివరించాడు. ఇరుకు చోట పీడనం తగ్గగానే నాళంలోని పెట్రోలు పైకి వచ్చి గాలిలో తుంపరలై కలుస్తుంది.

కాని ఇరుకు ఎంత ఉండాలి? చిన్నదైతే వేగంగా నడిచేటప్పుడు ఊపిరాడదు. పెద్దదైతే మెల్లగా నడిచేటప్పుడు పెట్రోలు లేవదు. ఈ చిక్కును ఇంగ్లండులో చెప్పుల వ్యాపార కుటుంబానికి చెందిన స్కిన్నర్ సోదరులు చక్కగా విప్పారు. వారి పరికరంలో గాలి అవసరాన్ని బట్టి ఒక పిస్టను తనంతట తానే లేచి, దిగి, దారిని వెడల్పు చేస్తుంది, ఇరుకు చేస్తుంది. దానికి తగిలించిన మొనదేలిన సూది పెట్రోలు నాళంలో ఆడుతూ, గాలికి తగినంత పెట్రోలునే విడుస్తుంది. తొలి నమూనాలలో పిస్టనుకు బదులు తోలుతిత్తి ఉండేది. 1910లో ఏర్పడిన వారి సంస్థ పేరులోని అక్షరాలే 'ఎస్. యు.' 1926లో దానిని విలియం మోరిస్ కొన్నాడు. ఎం.జి. కూడా మోరిస్ గరాజుల నుండి పుట్టినదే. కనుక 1930 దశకంలోనే ఎం.జి. కార్లలో జంట ఎస్. యు. కార్బురేటర్లు కనిపించడం సహజమే.

అయితే రెండు కార్బురేటర్లు బిగించినంత మాత్రాన పని ముగియదు. వాటిని ఇంజనుకు కలిపే గొట్టాల కూర్పు, అనగా మానిఫోల్డు, అంతకంటె ముఖ్యం. ఒకే కార్బురేటరు నడుమ ఉన్నప్పుడు మిశ్రమం అటూ ఇటూ మలుపు తిరగాలి. గాలి సులువుగా తిరుగుతుంది. బరువైన పెట్రోలు తుంపరలు తిరగలేక గోడకు అంటుకుంటాయి. అందువల్ల సిలిండర్లకు వాటాలు సమంగా అందవు. రెండు కార్బురేటర్లు ఉంటే ఒక్కొక్కటి తన ద్వారానికి దాదాపు ఎదురుగా నిలుస్తుంది, మలుపులు తగ్గుతాయి.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. 'బి' శ్రేణి ఇంజనులో 1, 2 సిలిండర్లకు కలిపి ఒక ప్రవేశద్వారం, 3, 4 సిలిండర్లకు కలిపి మరొకటి. సిలిండర్లు పనిచేసే వరుస 1, 3, 4, 2. అనగా 3, 4 వెంటవెంటనే పీలుస్తాయి. ఆ తరువాత 2, 1. కాబట్టి రెండు కార్బురేటర్లనూ పూర్తిగా వేరుచేస్తే, దాదాపు ఏ క్షణంలోనైనా ఒకటి పనిచేస్తుండగా రెండోది ఊరకే ఉంటుంది! అప్పుడు రెండు రంధ్రాలున్నా ఫలితం ఒక రంధ్రంతో సమానమే. ఈ లోపాన్ని సరిదిద్దేది మానిఫోల్డులో రెండు పాయలనూ కలిపే సమతుల్య నాళం. ఒక వైపు సిలిండరు పీల్చేటప్పుడు ఈ నాళం గుండా రెండో కార్బురేటరు కూడా తన వంతు అందిస్తుంది. చూపరులు మెచ్చుకునేది మెరిసే కార్బురేటర్లనే గాని, వాటిని జంటగా మార్చినది ఈ నాళమే.

శక్తి పెరుగుదల అంతా వీటిదే అనరాదు; బహిర్గమన మార్గం మొదలైన ఇతర సర్దుబాట్లకూ వాటా ఉంది. పైగా జంటకు నిత్యం పోషణ అవసరం. రెండు త్రాటిల్ కవాటాలు ఒకేసారి, ఒకేమేరకు తెరచుకోకపోతే ఇంజను నిలకడగా తిరగదు. మెకానిక్కులు రబ్బరు గొట్టం ఒక కొసను చెవి దగ్గర, రెండో కొసను ఒక్కొక్క కార్బురేటరు నోటి దగ్గర ఉంచి, గాలి బుసను పోల్చి వినేవారు. రెండు బుసలు ఒక్కటైనప్పుడే సర్దుబాటు కుదిరినట్లు. తరువాత పిస్టనును కొద్దిగా ఎత్తి చూచి, ఇంజను తీరును బట్టి పెట్రోలు పాలు నిర్ణయించేవారు. పాత కార్లను పదిలపరచేవారు నేటికీ ఇదే చేస్తారు.

1967లో జర్మనీలోని బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ పెట్రోలు చిమ్ము విధానాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. పొగ నియంత్రణ చట్టాలు బిగిసిన కొద్దీ, గాలిని కొలిచి ప్రతి సిలిండరు వాకిటనే పెట్రోలు చిమ్మే ఈ పద్ధతి కార్బురేటరును తొలగించింది. అయినా సమస్య మారలేదు. ప్రతి సిలిండరుకూ సమానంగా, ధారాళంగా గాలి అందాలి. దానికి తగిన పాలే పెట్రోలు కలవాలి. జంట కార్బురేటర్లు బిగించినవారు చెవితో సాధించినదానినే నేటి ఇంజనులో కొలత పరికరాలు సాధిస్తున్నాయి.