ఇంజెక్షన్: సూదిమందు నుంచి ఇంజన్ దాకా

ఇంజెక్షన్ అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది సూదిమందు. మాట పుట్టింది లాటిన్‌లో: ‘ఇన్’ అంటే లోపలికి, ‘యాకెరే’ అంటే విసరడం. ఈ అసలు అర్థం ఆసుపత్రి కంటే ఇంజన్‌కే బాగా అతుకుతుంది. కార్బురేటర్‌లో గాలి దూసుకుపోతూ పెట్రోలును తనతో లాక్కెళ్తుంది. ఇంజెక్టర్ దాన్ని ఒత్తిడితో లోపలికి చిమ్ముతుంది.

కీలకం ఆ ఒత్తిడే. పాత కార్బురేటర్ కారును ఇంజెక్షన్‌కు మార్చాలంటే ఇంజెక్టర్లు బిగిస్తే చాలదు. కార్బురేటర్‌కు అర బార్ లోపు ఒత్తిడి సరిపోతుంది. ప్రతి సిలిండర్‌కూ ఒక ఇంజెక్టర్ ఉండే పద్ధతికి సాధారణంగా 3 బార్ల దాకా కావాలి. అందుకు ఎలక్ట్రిక్ పంపు, ఫిల్టర్, ఒత్తిడిని నిలిపే రెగ్యులేటర్, చాలా అమరికల్లో మిగులు పెట్రోలును ట్యాంకుకు మళ్లించే గొట్టం అవసరం. పాత రబ్బరు గొట్టాన్నే ఉంచేస్తే క్లిప్పు దగ్గర ఉబ్బి, చీలి, వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్మవచ్చు. అక్కడ పొదుపు ప్రాణాంతకం.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాక మన కొత్త బైకుల్లో ఇంజెక్షనే మామూలైంది. మెకానిక్ షెడ్లలో వాటి పేరు ‘ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి’.