గియోన్ మత్సురి
గియోన్ మత్సురి జపాన్‌లోని క్యోటో నగరంలో ఏటా జూలై నెలంతా జరిగే యసాకా దేవాలయ ఉత్సవం. 869లో మహమ్మారి ప్రబలినప్పుడు, నాటి రాష్ట్రాల సంఖ్యకు సరిపడా 66 ఈటెలు నిలిపి చేసిన శాంతిపూజ దీనికి మూలం. ఓనిన్ యుద్ధం (1467–77) కారణంగా ఆగి, 1500లో పునఃప్రారంభమైంది.

జూలై 17న 23, 24న 11 రథాలు ఊరేగుతాయి. పెద్ద రథాలు సుమారు 25 మీటర్ల ఎత్తు, 12 టన్నుల దాకా బరువు ఉంటాయి. చట్రాన్ని మేకులు లేకుండా గడ్డితాళ్లతోనే బిగిస్తారు. చక్రాలు పక్కకు తిరగవు కనుక కూడళ్లలో వాటి కింద తడి వెదురుబద్దలు పరచి, రథాన్ని పక్కకు లాగి మలుపు తిప్పుతారు. ఉత్సవంలో అత్యంత నైపుణ్యం కోరే ఘట్టం ఇదే. రథాలను అలంకరించే వస్త్రాల్లో 16వ శతాబ్దపు బెల్జియం చిత్రవస్త్రాలతో పాటు దక్కనులో నేసిన పాత తివాచీలూ ఉన్నాయి. ఈ రథోత్సవం 2009లో యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది.