పదమూడు ముక్కలాటలో అసలు నేర్పు

మన ఇళ్ళల్లో పేకాటకి రెండు ముఖాలు. సంక్రాంతి సెలవుల్లో చాప పరిచి, పిన్నులూ బాబాయిలూ పిల్లలూ గుండ్రంగా కూర్చుని, చింతపిక్కలు పందెం పెట్టుకుని ఆడితే అది సరదా. అదే ఆట ఊరి చివర తోటలోనో, తలుపులేసిన గదిలోనో, అర్ధరాత్రి దుప్పటి కింద ఫోన్లోనో సాగితే కొంప ముంచుతుంది. ముక్కలు అవే, రూల్సూ అవే. మరి తేడా ఎక్కడ వచ్చినట్టు?

ఈ ప్రశ్న మనదే కాదు, సికిందరాబాదులో మొదలైన ఒక కేసు దీన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది. ఆ కథకి ముందు ఈ ముక్కలు మన చాప మీదికి ఎలా వచ్చాయో చూద్దాం.

మన దేశానికి పేకాట కొత్తేమీ కాదు. బాబరు చక్రవర్తి 1527లో సింధులోని తన మిత్రుడికి గంజీఫా ముక్కలు పంపినట్టు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. గంజీఫా అంటే గుండ్రంగా ఉండి, చేత్తో బొమ్మలు గీసిన ముక్కలు. మొగలాయీ పేకలో 8 జాతులు, 96 ముక్కలు. మనవాళ్ళు దాన్ని దశావతారాల పేకగా కూడా మార్చుకున్నారు. అవతారానికొక జాతి, జాతికి 12 చొప్పున 120 ముక్కలన్నమాట. మత్స్యం, కూర్మం చేతిలో పట్టుకుని ఆడుకున్నారు.

ఇప్పుడు మనం ఆడే 52 ముక్కల పేక మాత్రం యూరపు వాళ్ళ ఓడల్లో వచ్చింది. మనం పిలిచే పేర్లు వినండి: ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను. పోర్చుగీసు భాషలో ఇస్పేటుని ‘ఎస్పాదా’ అంటారు, కత్తి అని అర్థం. డచ్చి భాషలో కళావరుని ‘క్లావర్’ అంటారు. ఆ మూడాకుల బొమ్మని వాళ్ళు గడ్డిమొక్క ఆకుగా చూస్తారు. కళావరు, క్లావర్ అని రెండూ పక్కపక్కన పలికి చూడండి. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో, భీమునిపట్నంలో వర్తకం చేసి వెళ్ళిపోయారు. మాట మటుకు మన మేనత్తల నోట మిగిలింది.

ఇక రమ్మీ. వరస ముక్కలు, ఒకే అంకె ముక్కలు జతచేసుకునే ఈ తరహా ఆటలకి పెద్దమ్మ లాంటిది ‘కాన్‌కియన్’ అని పేకాట చరిత్ర రాసేవాళ్ళు చాలామంది చెబుతారు. మెక్సికోలో 40 ముక్కల స్పానిషు పేకతో ఇద్దరాడే ఆట అది. 19వ శతాబ్దం చివరికి అమెరికాలో తెలిసింది. 1909లో న్యూయార్కులో ఎల్వుడ్ బేకర్ అనే ఆయన ‘జిన్ రమ్మీ’ తయారుచేశాడు. 1939లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ‘కనాస్టా’ పుట్టింది. స్పానిషులో కనాస్టా అంటే బుట్ట. రెండు పేకలు, నాలుగు జోకర్లు కలిపి 108 ముక్కలతో ఆడే ఆ ఆట 1950 ప్రాంతంలో అమెరికా ఇళ్ళల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళ మధ్య, పిచ్చిగా సాగింది.

మన పదమూడు ముక్కలాట వీటికి చుట్టమే గానీ పద్ధతి మనది. తెలియని చెల్లెళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. రెండు పేకలు కలిపి మనిషికి పదమూడు పంచుతారు. ఒక ముక్క తిప్పి జోకరు పెడతారు, ఆ అంకె ఉన్న ముక్కలన్నీ జోకర్లే. వంతుకొక ముక్క తీసుకుని ఒకటి పడేయాలి. పదమూడూ వరసలుగా, జతలుగా కుదిరితే షో. అందులో కనీసం రెండు వరసలుండాలి. వాటిలో ఒకటి జోకరు సాయం లేకుండా సహజంగా కుదరాలి. దాన్నే ‘లైఫ్’ అంటారు. లైఫ్ లేకుండా ఎదుటివాళ్ళు షో చేస్తే, చేతిలో ఎన్ని అందమైన జతలున్నా లెక్కలోకి రావు. అన్ని ముక్కలకీ పాయింట్లు పడతాయి. ఆసు, రాజు, రాణి, జాకీ తలా పది. ఎంత పడ్డా 80కి మించదు.

ఇందులో నేర్పు ఉందా అంటే ఉంది. చేతిలో 7, 8 ఒకే జాతివి ఉన్నాయనుకోండి. అటు 6 వచ్చినా, ఇటు 9 వచ్చినా వరస అవుతుంది. రెండు పేకలు కాబట్టి పనికొచ్చే ముక్కలు నాలుగు. అదే 6, 8 పట్టుకుని కూర్చుంటే 7 ఒక్కటే గతి, పేక మొత్తంలో రెండే ముక్కలు. ఆసు, రెండు పట్టుకున్నా అంతే, మూడు కోసమే కాచుకోవాలి. అందుకే ఆడినవాళ్ళు మధ్య ముక్కల్ని తొందరగా వదలరు. పక్కవాళ్ళు ఏది తీసుకున్నారో, ఏది పడేశారో గుర్తుపెట్టుకుంటారు. జోకరు 7 అయితే 6నీ 8నీ కాస్త ధైర్యంగా పడేస్తారు, ఎందుకంటే చేతిలో 7 ఉన్నవాళ్ళు దాన్ని జోకరుగా దాచుకుంటారు గానీ వరసలో ఖర్చుపెట్టరు. పప్పు డబ్బాలో ఎంతుందో, గ్యాసు ఏ తారీఖుకి అవుతుందో బుర్రలో పెట్టుకు తిరిగే మనకి ఇదొక లెక్క కాదు.

కానీ నా దృష్టిలో ఈ ఆటలో అసలు నేర్పు షోలో లేదు, డ్రాప్‌లో ఉంది. 101 ఆటలో ముక్కలు చూడగానే బాగోలేదని కింద పెట్టేస్తే 20 పడతాయి. కొంత ఆడాక పెడితే 40. మొండిగా కూర్చుని ఫుల్ కౌంట్ ఇస్తే 80. 101 చేరినవాళ్ళు ఆటలోంచి అవుట్. లెక్కేయండి: ఒక్క ఫుల్ కౌంట్ నాలుగు డ్రాపులతో సమానం. అయిదుసార్లు వరసగా డ్రాప్ చేసినా వంద దగ్గర బతికే ఉంటాం. రెండుసార్లు మొండికేస్తే ఇంటికే. చెడ్డ చేయి వచ్చినప్పుడు చిన్న నష్టంతో తప్పుకోవడం ఓటమి కాదని ఆట రూల్సే చెబుతున్నాయి.

ఇప్పుడు కేసు సంగతి. 1963 మే నెలలో సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. దాని సారాంశం ఇది: మూడు ముక్కలాట లాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు. పడే ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి. కాబట్టి ఇది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట. పేకలకీ కూర్చోవడానికీ క్లబ్బు తీసుకునే కొద్దిపాటి రుసుము తప్పు కాదు. అప్పీలు కొట్టేశారు.

ఇంతవరకూ అందరికీ గుర్తుంది. అదే తీర్పులో ఉన్న ఇంకో మాట మాత్రం చాలామంది చెప్పరు. ఆడించే ఇంటివాళ్ళు గానీ క్లబ్బు గానీ ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే, అది రమ్మీ అయినా సరే, నేరం అవుతుందని. అంటే కోర్టు ఆటగాడి నేర్పుతో ఆగిపోలేదు, పక్కన నిలబడి డబ్బు ఏరుకునేది ఎవరని కూడా అడిగింది.

సుమారు యాభై ఏళ్ళ తరవాత చాప ఫోన్లోకి వచ్చింది. నేర్పు ఆటే కదా అన్న మొదటి సగాన్ని ప్రకటనల్లో ఊదరగొట్టారు. రెండో సగం ఊసే లేదు. ఆట ఆటకీ ఆడించేవాడికి కమీషను. పేక కలిపేది ఎవరో కనపడదు, ఎదుటివాడి మొహం కనపడదు. కరెంటు పోదు, తెల్లారదు, ‘ఇక చాలు, అన్నాలకి లేవండి’ అనే మనిషి ఉండదు. మా చుట్టాల్లో ఒకావిడ గాజులు ఎక్కడున్నాయని అడిగితే ఆమె ఇంటాయన తల దించుకున్నాడు. తాకట్టు రసీదు తరవాత బీరువాలో దొరికింది. ఆయన ఆట రానివాడేం కాదు, పెళ్ళిళ్ళలో అందరినీ ఓడించినవాడే.

తెలంగాణ ప్రభుత్వం 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో తమ 1974 నాటి జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడే ఆట నేర్పుదా, అదృష్టందా అన్న తేడా లేకుండా ఆడించడం నేరమంది. అరవై ఏళ్ళ వాదన అలా ఒక మలుపు తిరిగింది.

డిగ్రీలో తెలుగు చదివినదాన్ని కాబట్టి ఇక్కడ నాకు నలోపాఖ్యానం గుర్తొస్తుంది. నన్నయ గారి అరణ్యపర్వంలో ఉంది. నలుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. తరవాత ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుని, మళ్ళీ ఆడి గెలుచుకున్నాడు. జూదంలో నేర్పు ఉందని వాదించేవాళ్ళకి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

కానీ కథ మధ్యలో దమయంతి చేసిన పని చూడండి. మంత్రులూ పురజనులూ వాకిట నిలబడితే, తను చెప్పినా నలుడు వినకపోతే, ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. సారథి వార్ష్ణేయుడిని పిలిచి, పిల్లలిద్దరినీ రథమెక్కించి కుండినపురానికి, తన పుట్టింటికి పంపేసింది. రాజ్యం పోతున్నా పందెంలోకి పోకూడనివి ఏవో ఆమెకి తెలుసు. ఆ ఆటలో డ్రాప్ చేసింది నలుడు కాదు, దమయంతి. నలుడు నేర్పు నేర్చుకునేసరికి అడవులన్నీ తిరగాల్సి వచ్చింది. అన్నాళ్ళూ పిల్లలు క్షేమంగా ఉన్నారంటే తల్లి సమయానికి లేచి నిర్ణయం తీసుకోబట్టే.

అందుకని పేకాటలో నేర్పు ఉందా లేదా అని ఇంట్లో వాదించుకోవడం వల్ల లాభం లేదు. ఉందని కోర్టే చెప్పింది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ ఆటలోంచి ఎప్పుడైనా లేచి రావచ్చా? ఓడినా గెలిచినా పక్కనుంచి ఎవడైనా తన వాటా తీసుకుంటున్నాడా? ఇంట్లో అందరికీ కనపడేలా ఆడుతున్నారా? ఈ మూడింటికీ జవాబు నచ్చితే చాప పరవండి, పిల్లలకి కూడా నేర్పండి. అంకెలు వస్తాయి, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, అమ్మమ్మ పక్కన గంటసేపు కూర్చుంటారు. నచ్చకపోతే బ్యాంకు పాసుబుక్కు, నగల డబ్బా, పిల్లల ఫీజు డబ్బు ఈ రోజే మీ చేతి కిందికి తెచ్చుకోండి. మొగుడూ పెళ్ళాల మధ్య ఇదేమిటని మొహమాటపడకండి.

మా ఇంట్లో పిల్లలకి ఆట నేర్పినప్పుడు షో కొట్టడం కన్నా ముందు డ్రాప్ నేర్పాను. మా చిన్నది మొదట్లో ముక్కలు కింద పెట్టాలంటే ఏడ్చేది. ఇప్పుడు చేతిలో లైఫ్ దారి కనపడకపోతే గలగలా నవ్వుతూ ‘నేను డ్రాప్’ అని ఇరవై చింతపిక్కలు లెక్కపెట్టి ముందుకి తోస్తుంది.